ముప్పై ఒకటో నిమిషం

తలుపు సందులో నోరు పెట్టి
పొద్దుటి నుంచీ ఊదుతోంది బూరా.
రియేకా రేవు మీదికి కొండలు తోలే గాలి అది,
వచ్చిందంటే మూడు రోజులకు తక్కువ ఉండదు.
అలాంటి రోజున నా కొట్టుకి ఎవరూ రారు.
నెవెంక వచ్చింది,
చంకలో సీడీ ప్లేయరు,
రెండో చేత్తో తలగుడ్డ పట్టుకుని.

"ఎగురుతోంది" అంది.
"ఎక్కడ?"
"ముప్పై ఒకటో నిమిషం దగ్గర.
ఏ సీడీ పెట్టినా అక్కడే.
ఈ మధ్య ముప్పై రెండుకీ పాకింది."

తనకు తెలీకుండానే రోగం పేరు చెప్పేసింది.
గీత సీడీ మీద ఉంటే ఆ ఒక్కటే తడబడాలి.
అన్నీ ఒకే చోట తడబడుతున్నాయంటే
తప్పు దారిది.

మూత విప్పాను.
ఇరవై ఏళ్ల దుమ్ము, ఎండిన చీమ ఒకటి,
కటకం మీద సిగరెట్టు పొగ పసుపు పొర.
స్పిరిట్ అద్దిన దూదిపుల్లతో
రెప్పలేని ఆ కన్ను తుడిచాను.
పక్కనే ఒక చిన్న మర ఉంటుంది,
పావు చుట్టు తిప్పితే లేజరు భగ్గుమంటుంది.
తొందరున్నవాళ్లు అదే తిప్పుతారు.
ముసలి గుర్రానికి కొరడా:
ఊరు దాటేదాకా పరిగెత్తి కూలబడుతుంది.
నేను ముట్టుకోను.

అసలు సంగతి దాని కింద,
కన్ను నడిచే ఉక్కు కడ్డీ మీద.
గ్రీజు జిగురై, జిగురు మైనమై
ఒక్క చోట కందిగింజంత గట్టిపడింది.
సీడీ నడుమ నుంచి అంచుకి చదువుతుందది;
బయల్దేరిన ముప్పై ఒక నిమిషాలకి
అక్కడికి చేరి,
గడప తగిలిన మనిషిలా ముందుకు తూలుతుంది.
ఇంతే.
గోటితో గీకితే ఊడొచ్చింది.

పరీక్షకి ఏదైనా ఇమ్మన్నాను.
కాస్త ఆలోచించి కోటు జేబులోంచి తీసింది.
నౌకల కార్ఖానా క్యాంటీను ఆడవాళ్ల బృందగానం,
తొంభై ఎనిమిదిలో ఏదో చర్చిలో పాడింది.
అట్ట మీద పద్నాలుగు మంది, ఎర్ర శాలువాలు.
"వెనక వరసలో కళ్లు మూసుకున్నది నేను.
ఫొటోలో కూడా సమయం తప్పాను."

అప్పుడు చెప్పింది:
"అందరం ఆగాల్సిన చోట,
లేర్కా ఒక్కతే ఎత్తుకోవాల్సిన చోట,
ముందే ఒక గొంతు లేచింది. నాది.
సగం మాట.
మళ్లీ రికార్డు చేయడానికి డబ్బుల్లేవు.
ఎవరూ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.
ఈ పెట్టె బాగున్న రోజుల్లో
ఆ పాట రాగానే వంటింట్లోకెళ్లి కుళాయి తిప్పేదాన్ని.
తర్వాత ఇదే ఎగరడం నేర్చుకుంది.
ఎంత మర్యాదస్తురాలో అనుకున్నాను.
ఇప్పుడు లేర్కా పాటనీ మింగేస్తోంది.
నాది మాత్రం ఎగిరేలా చెయ్యలేవా, నాయనా?"

చెయ్యలేనన్నాను.
నునుపు చేస్తే కడ్డీ అంతా నునుపే.

మీట నొక్కాను.
పాటలు ఒకదాని వెనక ఒకటి.
కాఫీ కలిపాను, ఆమె తాగలేదు.
ముప్పై.
ముప్పై ఒకటి.
పద్నాలుగు గొంతులూ ఆగాయి. ఆ ఖాళీలో
సగం మాట,
పక్కింటి తలుపు తట్టి నాలిక్కరుచుకున్నట్టు.
ఆమె చెయ్యి గాలిలో కుళాయిని వెతికింది.
ఆ వెంటనే, ఇద్దరం విన్నాం,
ముక్కులోంచి తన్నుకొచ్చిన ఒక నవ్వు,
దాన్ని ఆపుకోవడానికి ఎవరో గట్టిగా పీల్చిన ఊపిరి,
ఆ ఊపిరి మీదే
లేర్కా పాట.

"నవ్వింది" అంది నెవెంక.
మళ్లీ పెట్టమంది. మళ్లీ.
నాలుగోసారికి కాఫీ చల్లారింది, తాగేసింది.
"ఇన్నేళ్లూ నీళ్ల చప్పుడులో పోయింది" అంది.
లేర్కా ఇప్పుడు పూలాలో ఉంటుందట,
బొత్తిగా చెవులు లేవట.
"ఉత్తరం రాస్తాను. దొంగపీనుగా, నవ్వావా అని."

డబ్బులు బల్ల మీద పెట్టి
పెట్టె చంకనేసుకుని
గాలికి ఎదురెళ్లింది.
ఆమె మలుపు తిరిగాక చూద్దును కదా,
గ్రీజు గుడ్డ మీద ఒక స్క్రూ మిగిలుంది.
ఎక్కడిదో తెలుసు. వెనక మూతది, ఎడమ పక్క.
కొంప మునిగేదేం లేదు,
పెద్ద గొంతు వచ్చినప్పుడు గరగరమంటుంది.
అగ్గిపెట్టెలో వేసి
పైన ఆమె పేరు రాశాను.